కిర్కే, తిరుపతమ్మ: కథ చెప్పినవారెవరు?

గ్రీకు పురాణములలోని కిర్కేను నరులను పందులుగా మార్చిన మంత్రగత్తెగానే లోకమెరుగును. ‘ఒడిస్సీ’ పదవ సర్గలో ఆమెయే ఆ నావికులకు మరల నరరూపము నొసగినది. ఒడిస్యూసునకు ఏడాది ఆతిథ్యమిచ్చి, ప్రేతలోకమునకు దారి చెప్పినది. ఐనను అపకీర్తియే మిగిలినది. ఆ వృత్తాంతమును సభలో చెప్పినవాడు ఒడిస్యూసే యనుట గమనింపదగినది. కిర్కే తన కథను తానే చెప్పుకొనునట్లు మాడెలిన్ మిల్లర్ నవల వ్రాసినది 2018లో.

మన నందిగామ ప్రాంతమున, మునేటి యొడ్డునగల పెనుగంచిప్రోలు తిరుపతమ్మ మంత్రగత్తె కాదు, సతి. ఇరువురకును పోలిక నిందలోనే. అనిగండ్లపాడున జనించి కాకాని గోపయ్యను పెండ్లాడిన ఆమెను అత్తింటివారు బాధించిరనియు, పతి పులివాత పడగా ఆమె అగ్నిప్రవేశము చేసెననియు ఐతిహ్యము. కాని ఈ కథను నిలిపినవారు అత్తింటివారు కారు, భక్తులు. కావుననే ఆమెపై మోపిన నింద మోపినవారికే అంటినది. చరిత్రకారుడు ఐతిహ్యమునందు సంఘటనలకంటె ముందుగా ఈ పక్షమును పరిశీలింపవలెనని నా యభిప్రాయము.

ఆ పక్షమును నేటికిని నిలుపుచున్నవి గ్రామక్రతువులు. రెండేండ్లకొకమారు ఆలయములోని దేవతావిగ్రహములను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు కొనిపోవుదురు. రంగులైన పిదప ఊరేగింపుగా మరల పెనుగంచిప్రోలు చేర్తురు.