హ్యాంగ్ అయిన ఫోల్డర్: ఎదురుచూడమని ఎవరు నేర్పారు?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్ని రాతలోకి సర్దాను. మాట్లాడేటప్పుడు వేగంగా దాటేసిన కొన్ని సంగతులు ఇక్కడ కాస్త వివరంగా ఉంటాయి.

విషయం నెట్‌వర్క్ ఫోల్డర్. ఎక్కడో సర్వర్‌లో ఉన్న ఫోల్డర్, మన మెషీన్‌లోదే అన్నట్టు కనపడుతుంది. మనం తాకితే దానంతటదే వచ్చి తగులుకుంటుంది, కొంతసేపు వాడకపోతే దానంతటదే ఊడిపోతుంది. దీన్ని ఆటోమౌంట్ అంటారు. ఒక్కోసారి అది తగులుకోదు, ఊడదు. ఎర్రర్ కూడా రాదు. స్క్రీన్ అలా బిగుసుకుపోతుంది, అంతే.

నేను కంప్యూటర్ చదువు చదవలేదు. ఐటీఐ చేసి, ఒమన్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. కానీ ఇప్పుడు సైటు నడవాలంటే సిమెంటు, స్టీలు ఎంత అవసరమో ఫైళ్ళు అంత అవసరం. నేను దుక్మ్‌లో ఉన్నప్పుడు డ్రాయింగులు, బార్ బెండింగ్ షెడ్యూళ్ళు మస్కట్ సర్వర్‌లో ఉండేవి. మధ్యలో ఐదొందల కిలోమీటర్ల పైనే దూరం. లింకు పోతే సైటు ఆఫీసులోని లినక్స్ మెషీన్లు బిగుసుకుపోయేవి. జగిత్యాల నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ ఒకసారి అడిగాడు: "అన్నా, సర్వర్ పోయిందంటే పోయిందని చెప్పొచ్చు గదా, ఈ నాన్చుడు ఏంది?"

మంచి ప్రశ్న. దానికి జవాబు కోసం నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1984: మతిమరుపు సర్వర్

సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1982లో కాలిఫోర్నియాలో మొదలైంది. పెట్టిన నలుగురిలో మన దేశం నుంచి వెళ్ళిన వినోద్ ఖోస్లా ఒకరు. అప్పట్లో డిస్క్ అంటే చాలా ఖరీదు. అందుకే సన్ వాళ్ళు డిస్కే లేని వర్క్‌స్టేషన్లు కూడా అమ్మారు, వాటి ఫైళ్ళన్నీ సర్వర్‌లో ఉండేవి. ఈ అవసరంలోంచే 1984లో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎస్, తయారైంది. 1985లో సన్‌ఓఎస్ 2.0తో బయటికి వచ్చింది. రసెల్ శాండ్‌బర్గ్, ఆయనతో పనిచేసినవాళ్ళు అదే ఏడాది యూజ్‌నిక్స్ సభలో దాని గురించి పేపరు చదివారు.

అందులో ముఖ్యమైన నిర్ణయం ఒకటి ఉంది. సర్వర్ తన దగ్గర ఎవరు ఏ ఫైలు తెరిచారో గుర్తు పెట్టుకోదు. ప్రతి అడుగులో క్లయింటే మొత్తం వివరం చెప్పాలి: ఫలానా ఫైలు, ఫలానా చోటు నుంచి, ఇన్ని బైట్లు. దీనివల్ల లాభమేమిటంటే, సర్వర్ పడిపోయి మళ్ళీ లేచినా పోయేదేమీ లేదు. క్లయింట్ అడిగిందే మళ్ళీ అడుగుతుంది, పని ఆగిన చోటు నుంచి సాగుతుంది.

అయితే ఇది నడవాలంటే క్లయింట్ అడుగుతూనే ఉండాలి, విసుగు పడకూడదు. దానికే హార్డ్ మౌంట్ అని పేరు. "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అని లాగ్‌లో ఒక లైను రాసి, జవాబు వచ్చేదాకా అడుగుతూ కూర్చుంటుంది. లినక్స్‌లో ఇప్పటికీ మామూలుగా ఉండేది ఇదే. అంటే మనం హ్యాంగ్ అంటున్నది చెడిపోవడం కాదు. ఎదురుచూడమని చెప్పారు, అది ఎదురుచూస్తోంది.

మెత్తటి మౌంట్, కొరతపడ్డ షెడ్యూలు

రెండో దారి సాఫ్ట్ మౌంట్. కొన్నిసార్లు అడిగి, జవాబు రాకపోతే ఎర్రర్ చెప్పేసి ఊరుకుంటుంది. వినడానికి ఇదే బాగుంటుంది. మా సైటులో హ్యాంగ్‌లు భరించలేక, ఐటీ చూసే కాంట్రాక్టరు ఒకాయన అన్నిటినీ సాఫ్ట్‌కి మార్చేశాడు. వారం రోజులు అందరూ సంతోషంగా ఉన్నారు. తర్వాత ఒక రాఫ్ట్ ఫౌండేషన్‌కి స్టీలు కట్ చేసి కట్టేశాక, ఇన్‌స్పెక్షన్‌లో పై మ్యాట్ కడ్డీలు తక్కువ పడ్డాయి. చూస్తే షెడ్యూలు ఫైలు చివర్లో కొన్ని వరుసలే లేవు. సేవ్ అవుతుండగా లింకు పోయింది, మౌంట్ ఎర్రర్ ఇచ్చింది, రాసే ప్రోగ్రాం దాన్ని పట్టించుకోలేదు. సగం రాసిన ఫైలే అసలు ఫైలుగా మిగిలింది. కాంక్రీట్ పోయకముందు దొరికింది కాబట్టి రెండు రోజుల పనితో పోయింది. పోసేశాక తెలిస్తే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

హార్డ్ మౌంట్‌లో సేవ్ అక్కడే ఆగిపోతుంది, లింకు వచ్చాక పూర్తవుతుంది. ఆగడం కళ్ళకి కనపడుతుంది, ఫైలు కొరతపడటం కనపడదు. అందుకే రాసే పని ఉన్న ఫోల్డర్లకి సాఫ్ట్ వద్దని పాతకాపులు అంత గట్టిగా చెబుతారు.

ఒకడి కోసం అందరూ ఆగిన కాలం

మెషీన్లు పెరిగాక ప్రతి ఫోల్డర్‌నీ ముందే తగిలించి ఉంచడం కష్టమైంది. ఏ ఒక్క సర్వర్ పడినా బూట్ అవ్వడమే ఆగిపోయేది. దీనికి పరిష్కారంగా సన్‌లో బ్రెంట్ కల్లగన్, టామ్ లయన్ ఆటోమౌంటర్ తయారు చేశారు. 1988లో సన్‌ఓఎస్ 4.0తో వచ్చింది. ఆ ప్రోగ్రాం మన మెషీన్‌లోనే కూర్చుని తానే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌నని నటిస్తుంది. ఎవరైనా ఫోల్డర్ తాకితే అసలు సర్వర్ నుంచి వేరే చోట మౌంట్ చేసి, అక్కడికి దారి చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఎవరూ వాడకపోతే తీసేస్తుంది.

చిక్కల్లా అది ఒకసారికి ఒక్క పనే చేసేది. చచ్చిన సర్వర్ కోసం అది ఆగితే, బతికున్న సర్వర్ల ఫోల్డర్లు అడిగినవాళ్ళు కూడా వెనకాల వరసలో ఆగాలి. సైటులో ఒక ట్రాన్సిట్ మిక్సర్ గేటుకి అడ్డంగా ఆగితే వెనకున్న బండ్లన్నీ ఆగినట్టు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్ సైమన్ పెండ్రీ రాసిన ఏఎమ్‌డీ అనే ఆటోమౌంటర్ ఈ అడ్డు తీసేయడం మీదే దృష్టి పెట్టింది. సర్వర్ బతికుందో లేదో తనే చూసుకుంటూ ఉంటుంది, ఒకదాని కోసం మిగతావాటిని ఆపదు. 1993లో కల్లగన్, సతీందర్ సింగ్ ఆటోఎఫ్‌ఎస్ పద్ధతి వివరించారు. దాంతో కాపలా పని కెర్నెల్‌లోకి వెళ్ళింది. లినక్స్‌కి ఆటోఎఫ్‌ఎస్‌ని 1997లో పీటర్ ఆన్విన్ రాశారు.

2008: గల్ఫ్‌కి తగిలిన దెబ్బ, కెర్నెల్‌లో వచ్చిన మార్పు

ఆ ఏడాది గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. రెండు రోజులకే, ఫిబ్రవరి 1న, దుబాయ్‌కి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. అది దుబాయ్‌కీ ఒమన్‌లోని అల్ సీబ్‌కీ మధ్య భాగం. బాగుచేయడానికి వెళ్ళిన ఓడవాళ్ళకి అక్కడ టన్నుల బరువున్న పాత లంగరు దొరికింది. నెట్‌వర్క్ అంటే గాలిలో ఉండేది కాదు, సముద్రం అడుగున పడున్న తీగ అని అప్పుడు మామూలు జనానికి కూడా అర్థమైంది.

దీంతో సంబంధం లేకుండానే అదే ఏడాది ఏప్రిల్‌లో లినక్స్ 2.6.25లో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు హ్యాంగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం ఆగిన ప్రాసెస్‌ని చంపడం గగనం. డి స్టేట్ అనే నిద్రలోకి పోయేది, కిల్ మైనస్ 9 కొట్టినా కదిలేది కాదు. మాథ్యూ విల్‌కాక్స్ చేసిన కొత్త ఏర్పాటుతో, అలాంటి నిద్రలో ఉన్నా చంపేయమంటే చనిపోయేలా అయింది. అంటే ఎదురుచూపు అలాగే ఉంది, వద్దనుకుంటే లేచిపోయే హక్కు మాత్రం మనిషికి వచ్చింది. మొత్తం కథలో నాకు బాగా నచ్చిన మెట్టు ఇదే.

ఇప్పుడు బిగుసుకుంటే ఏం చూడాలి

ఈ చరిత్ర తెలిస్తే వెతకడం సులువు. ముందు డీఎఫ్ కమాండ్ కొట్టకండి, అది ప్రతి మౌంట్‌నీ పలకరించి తనూ బిగుసుకుంటుంది. ప్రోక్‌లోని మౌంట్స్ ఫైలు చదవండి, అది సర్వర్‌ని అడగదు. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ యావరేజ్ మాత్రం పెరిగిపోతుంటే డి స్టేట్‌ని అనుమానించండి, లినక్స్ వాటిని కూడా లోడ్‌లో లెక్కేస్తుంది.

తర్వాత సర్వర్ 2049 పోర్టులో పలుకుతోందా చూడాలి. పింగ్ వస్తోంది, చిన్న ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, పెద్దవి మాత్రం ఆగుతున్నాయంటే, దారిలో పెద్ద ప్యాకెట్లు పడిపోతున్నాయేమో చూడండి. వీపీఎన్ లింకుల మీద ఇది తరచూ ఉంటుంది. అసలు మౌంట్ మొదలే కాకపోతే, ఏ ఫోల్డర్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే మ్యాపు ఎల్‌డ్యాప్‌లోనో డీఎన్‌ఎస్‌లోనో ఇరుక్కుని ఉండొచ్చు. వెర్షన్ 4 సర్వర్ ఇప్పుడే రీస్టార్ట్ అయితే నిమిషంన్నర ఆగండి. ఆ వెర్షన్ సర్వర్‌కి జ్ఞాపకం ఉంది, పాత క్లయింట్లు తమ లాకులు తిరిగి చెప్పుకోవడానికి ఆ గడువు ఇస్తుంది. "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని వస్తే అది హ్యాంగ్ కాదు, సర్వర్ వెంటనే చెప్పిన జవాబు. ఆ ఫైలు అక్కడ లేదని అర్థం.

సర్వర్ ఇక రాదని తేలితేనే బలవంతంగా అన్‌మౌంట్ చేయండి. అదీ పని చేయకపోతే లేజీ అన్‌మౌంట్. ఇది మౌంట్‌ని కంటికి కనపడకుండా చేస్తుంది గానీ, ఇరుక్కున్న ప్రాసెస్‌లని విడిపించదు. వాటిని విడిగా చంపాలి, సేవ్ కానిది పోతుందని ముందే ఒప్పుకోవాలి.

సైటుల్లో ఉన్న మనవాళ్ళకి నా మాట ఒక్కటే. చదవడానికి మాత్రమే వాడే డ్రాయింగుల కాపీ ఒకటి రోజూ పొద్దున్నే సైటు మెషీన్‌లోకి దింపుకోండి, పైన రివిజన్ నంబరూ తేదీ కనపడేలా. రాసే ఫోల్డర్లని హార్డ్‌గానే ఉంచండి. ఎవరైనా వచ్చి "హ్యాంగ్ లేకుండా చేస్తాను" అంటే, లింకు పోయినప్పుడు సగం రాసిన ఫైలు ఏమవుతుందో ముందు అడగండి.