మోటారు వెనక చిన్న ఫ్యాన్

కాగజ్‌నగర్ పాత పేరు కొత్తపేట. నిజాం ఏలుబడిలో 1938లో ఇక్కడ పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఊరి పేరులోకే కాగితం వచ్చి చేరింది. ఆవిరి, ఉక్క, గాలిలో తేలే నార మధ్య యంత్రం బతకాలంటే ముందు దాని ఒంటికి గాలి తగలాలి.

మోటారుకు ఆ గాలినిచ్చేది వెనక షాఫ్ట్‌కు బిగించిన చిన్న ఫ్యాన్. జాలీలో నార పేరుకున్నా, రెక్క విరిగినా మోటారు వెంటనే ఆగదు; లోలోపల కాగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వైండింగ్ పూత ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రీషియన్ల పాత లెక్క.

ఈ ఫ్యాన్‌ను మార్చడం చిన్న పనేం కాదు. కరెంటు తీసి, మళ్ళీ ఎవరూ వేయకుండా స్విచ్‌కు తాళం పెట్టి, కవర్ విప్పి, పుల్లర్‌తో మెల్లగా లాగాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగ్‌కు తగులుతుంది. పాత నమూనాకు విడిభాగం దొరక్కపోతే లోపలి రంధ్రం, కీ గాడి, రెక్కల వాలు కొలిచి కొత్తది చేయించాలి. బరువు ఒక పక్కకు ఒరిగితే అదురు పుట్టి కొత్త బేరింగూ పోతుంది. ఇంత పనితనానికి జిల్లా చరిత్రల్లో చోటు దక్కకపోవడం అన్యాయమే.

రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రం అర్ధ శతాబ్దం దాటి నడిచిందంటే ఇలాంటి చేతుల చలవే.

సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. ఏళ్ళ తరబడి కదలని మోటారులో గ్రీజు గట్టిపడుతుంది, ఫ్యాన్ తుప్పుతో షాఫ్ట్‌ను కరుచుకుంటుంది. అనుభవమున్న ఫిట్టర్ స్విచ్ జోలికి పోడు. ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూస్తాడు.