బ్రేకు కాలిపర్‌లకు రంగు వేయుట

కారు చక్రముతో పాటు తిరిగే డిస్కును రెండు ప్రక్కల నుండి ప్యాడ్లతో నొక్కిపట్టే భాగమును బ్రేకు కాలిపర్ అంటారు. పని తీరులో ఇది పట్టకారు వంటిది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. ఎక్కువ కాలిపర్‌లు పోత ఇనుముతోను, కొన్ని అల్యూమినియముతోను తయారగును. పోత ఇనుము త్వరగా తుప్పు పట్టును గనుక రంగు వేయుట కేవలము అలంకారము కాదు.

శుభ్రపరచుట

చదునైన నేలపై కారును నిలిపి, మిగిలిన చక్రములకు అడ్డు పెట్టి, నట్లను ముందుగా కొద్దిగా వదులు చేసి, ఆపై జాకీతో ఎత్తవలెను. జాకీని మాత్రమే నమ్మి పని చేయరాదు, స్టాండు తప్పనిసరి. బ్రేకు ధూళిని పొడి బ్రష్షుతో దులుపుట, గాలితో ఊదుట హానికరము. పాత కార్ల ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. బ్రేకు క్లీనరుతో తడిపి, ధూళిని గుడ్డతో తుడిచి, పిదప తుప్పును తడిగానే ఇనుప తీగల బ్రష్షుతో గీకవలెను.

మన మెకానిక్ షెడ్లలో కిరోసిన్, పెట్రోలు వాడుట కనబడును. ఇది మంచి పద్ధతి కాదు. పెట్రోలియం నూనెలు తగిలిన బ్రేకు రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడగును, పిస్టను బిగుసుకొనవచ్చును.

రంగు వేయుట

గొట్టము విప్పకుండ, కాలిపర్‌ను దాని స్థానములోనే ఉంచి రంగు వేయవచ్చును. విప్పినచో తీగతో వ్రేలాడగట్టవలెను. బరువు గొట్టముపై పడరాదు. ఆ స్థితిలో పెడలు తొక్కినచో పిస్టను బయటకు వచ్చును. పిస్టను, రబ్బరు తొడుగులు, జారెడి పిన్నులు, గాలి తీసే నిపిల్, ప్యాడ్లు ఆను చోట్లు, డిస్కు - వీటిని టేపుతోను కాగితముతోను కప్పవలెను.

సాధారణ ఎనామెల్ ఈ వేడికి నల్లబడి పెచ్చులూడును. అధిక ఉష్ణోగ్రతను తట్టుకొను కాలిపర్ రంగునే పలుచని పూతలుగా వేసి, డబ్బాపై చెప్పినంతసేపు ఆరనివ్వవలెను. వాడుకలో బ్రేకు ఆయిల్ అనబడు ద్రవము గ్లైకాల్ రకమైనచో రంగును కరిగించును. చిందిన వెంటనే నీటితో కడగవలెను. డిస్కుపై పడిన రంగును క్లీనరుతో తుడవవచ్చును గాని, ప్యాడు రంగును పీల్చినచో దానిని మార్చుటే మేలు. చక్రము బిగించిన పిదప, పెడలు గట్టిపడు వరకు పలుమార్లు తొక్కి చూడనిదే కారును కదపరాదు.

భారతదేశములోని చాలా చిన్న కార్లకు వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులుండును. ఈ రంగునే డ్రమ్ము వెలుపలి భాగమునకు వాడవచ్చును, కాని చక్రము ఆను ముఖమునకు పూయరాదు.