కట్టలే పూడ్చేసిన రేవు

బెల్జియం వాయవ్య మూలన, బ్రూజ్ నగరానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో డమ్మే అనే చిన్న ఊరుంది. చుట్టూ బల్లపరుపు పొలాలు, మేస్తున్న ఆవులు, పాప్లర్ చెట్ల వరసల మధ్య గీత గీసినట్టు సాగే కాలువ. సముద్రం జాడే లేదు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి, అంత దర్జా అయిన టౌన్‌హాలు ఎందుకో అర్థం కావాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1134లో వచ్చిన పెనుతుఫాను తీరాన్ని కోసేసి, జ్విన్ అనే పాయను లోపలి దాకా తెరిచిందని పాత కథనం. ఒక్క తుఫానే ఇంత పని చేసిందంటే నేటి పరిశోధకులు నమ్మరు. అక్కడ ఉప్పుటేరులు అంతకు ముందు నుంచే ఉన్నాయంటారు. ఏమైతేనేం, పోటు నీరు పొలాల మీద పడకుండా అడ్డుకట్ట వేశారు. ఆ కట్ట దగ్గర పుట్టిందే డమ్మే. 1180లో ఫ్లాండర్స్ ప్రభువు ఫిలిప్ దానికి పట్టణ హక్కులిచ్చాడు.

పెద్ద ఓడలు బ్రూజ్ దాకా వెళ్లలేకపోవడమే డమ్మే పాలిట వరమైంది. సరుకంతా ఇక్కడ దించి చిన్న పడవల్లోకి ఎక్కించేవారు. ఫ్రాన్స్ నైరుతి తీరం నుంచి ద్రాక్షసారా పీపాలు, ఉత్తర సముద్రాల నుంచి ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపలు వచ్చేవి. ఓడ మునిగితే నష్టం ఎవరిది, తుఫానులో సరుకు సముద్రంలోకి విసిరేస్తే ఎవరెంత భరించాలి అన్న తగవులు రేవన్నాక తప్పవు. ఇలాంటి తగవులు తేల్చే ‘ఒలెరాన్ తీర్పులు’ అనే నౌకా న్యాయ సంకలనానికి ఫ్లెమిష్ రూపం ‘డమ్మే తీర్పులు’గానే ఉత్తర ఐరోపా రేవుల్లో పేరుపడింది.

సంపదతోపాటు శత్రువులూ వచ్చారు. 1213లో ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ తన నౌకాదళాన్ని ఇక్కడ లంగరు వేయించి, ఘెంట్ ముట్టడికి వెళ్లాడు. కాపలా పలచగా ఉన్న సమయం చూసి ఇంగ్లీషు ఓడలు విరుచుకుపడి వందల నౌకలను పట్టుకున్నాయి, తగలబెట్టాయి. మిగిలినవి శత్రువు చేతికి చిక్కకూడదని ఫిలిప్ తానే నిప్పు పెట్టించాడు. పట్టణమూ కాలిపోయింది.

కానీ డమ్మేను చివరికి దెబ్బతీసింది యుద్ధం కాదు, ఒండ్రు. ఇక్కడే అసలు విషయం ఉంది. జ్విన్ చుట్టూ ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలలకు రైతులు, మఠాలు కట్టలు వేసి సాగు భూములుగా మార్చుకుంటూ పోయారు. కట్ట లేచిన ప్రతిసారీ పోటు నీరు పరచుకునే చోటు తగ్గింది. వచ్చే నీరే తక్కువైతే, పాటు సమయంలో వెనక్కి లాగే వడి ఎక్కడిది? అడుగున మేట వేసిన ఇసుకను ఊడ్చేదెవరు? అలా రేవు సముద్రం వైపు జరిగి స్లూయిస్ పట్టణానికి చేరింది, తర్వాత అదీ పూడింది. ఊరిని నిలబెట్టిన విద్యే రేవును పూడ్చిందంటే ప్రకృతిని తిట్టి లాభం లేదు.

విచిత్రమేమిటంటే, డమ్మే తన గొప్ప టౌన్‌హాలును 1460లలో, పతనం మొదలయ్యాకే కట్టుకుంది. 1468 జూలై 3న తెల్లవారుజామున బర్గండీ ప్రభువు చార్లెస్, ఇంగ్లండ్ రాజు చెల్లెలు మార్గరెట్ ఇక్కడే పెళ్లాడి, ఊరేగింపుగా బ్రూజ్‌కు వెళ్లారు. చర్చిని పోషించే స్తోమత మాత్రం ఊరికి మిగల్లేదు. 1725లో దాని నడిమి భాగాన్ని కూల్చేశారు. అందుకే గోపురం ఒక పక్క, గర్భాలయం మరో పక్క విడివిడిగా నిలిచి ఉన్నాయి.

ఇప్పుడు కనిపించే కాలువ నెపోలియన్ హయాంలో 1810 ప్రాంతంలో మొదలైంది. 1830లో బెల్జియం విడిపోయి, అవతలి కొస నెదర్లాండ్స్‌లో ఉండిపోవడంతో దాని అవసరమూ తీరిపోయింది. 1977లో చుట్టుపక్కల గ్రామాలు కలిసి నేటి డమ్మే మునిసిపాలిటీ ఏర్పడింది. అందులో హూకె ఒకప్పుడు జర్మన్ వర్తకులు దిగిన రేవు. మొనికెరేడె అనే మరో రేవు పట్టణం పొలంలో కలిసిపోయింది. అది ఎక్కడుండేదో పురావస్తు శాస్త్రవేత్తలు దున్నిన చాళ్లలో దొరికే కుండ పెంకుల్ని బట్టి గుర్తుపడుతున్నారు.