75 సెంట్ల తేడా

మా నాన్నకి ఒక అలవాటు ఉంది. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు ఖర్చంతా డైరీలో రాస్తారు. పాల ప్యాకెట్టు, కూరలు, ఆటో, ఏదీ వదలరు. బ్యాంకు నుంచి వచ్చే మెసేజీలు కూడా చూసి లెక్క సరిచూసుకుంటారు. "ఇంకా డైరీ ఏంటి నాన్నా, అన్నీ ఫోన్లోనే ఉంటాయి కదా" అని నేను నవ్వేవాణ్ణి. రెండేళ్ళ కిందట ఒకరోజు ఫోన్ చేసి, "ఒరే, ఖాతాలోంచి రెండు రూపాయలు పోయాయిరా. నేనెవరికీ వెయ్యలేదు" అన్నారు. ఆ టైంలో నేను ఆఫీసులో రిలీజు హడావిడిలో ఉన్నా. "ఏవో ఛార్జీలు అయ్యుంటాయి, వదిలెయ్యండి నాన్నా" అని పెట్టేశా.

నాలుగో రోజు అదే ఖాతాలోంచి 38 వేలు పోయాయి.

జరిగిందేంటంటే, స్కూటరుకి చలానా పడిందని వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నాన్న నొక్కారు, అది యాప్‌లా దిగింది, అందులో కార్డు నంబరు కొట్టారు. అప్పట్నుంచి ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీలన్నీ ఇంకెవడికో చేరుతున్నాయన్నమాట. ఆ రెండు రూపాయలు దొంగ వేసుకున్న ట్రయలు.

ఇందులో నాకు సిగ్గేసే సంగతి ఇంకోటి ఉంది. చిన్న తేడాని వదిలెయ్యకూడదని చెప్పే కథ నేను ఇంజనీరింగ్ రెండో ఏడులోనే చదివా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ బేరమాడి కొన్నాను. చదివి "భలే ఉందే" అనుకుని అట్టకి ప్లాస్టిక్ కవరు వేసి దాచుకున్నా. పనికొచ్చే రోజున మాత్రం గుర్తు రాలేదు. అందుకే ఆ కథ ఇప్పుడు మీకు చెప్దామనిపించింది.

1986 ఆగస్టు, కాలిఫోర్నియా. క్లిఫర్డ్ స్టోల్ అనే ఆయన లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు. కెక్ టెలిస్కోప్ డిజైన్ మీద పని చేస్తుండగా గ్రాంటు డబ్బులు అయిపోయాయి. ఉద్యోగంలోంచి తీసేయకుండా కంప్యూటర్ సెంటర్‌కి పంపించారు. అప్పట్లో కంప్యూటర్ వాడుకున్నందుకు ఒక్కో డిపార్ట్‌మెంటుకీ నిమిషాల లెక్కన బిల్లు వేసేవాళ్ళు. ఆ నెల మొత్తం బిల్లు 2387 డాలర్లు, అందులో 75 సెంట్లు తేడా వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాడు కదా, ఈ తేడా సంగతేంటో చూడమని పై ఆయన పని అప్పగించాడు.

ప్రోగ్రాంలో ఏదో రౌండింగ్ తప్పు అనుకుని మొదలెట్టాడు స్టోల్. తీరా చూస్తే ప్రోగ్రాం బాగానే ఉంది. బిల్లు ఎవరికి పంపాలో లేని ఒక కొత్త యూజరు కనపడ్డాడు. ఎవడో బయటివాడు లోపలికి వచ్చి కొన్ని సెకన్లు కంప్యూటర్ వాడుకున్నాడు, ఆ సెకన్ల ఖరీదే 75 సెంట్లు.

వచ్చినవాడు మహా మేధావి ఏం కాదు. ఇమాక్స్ ఎడిటర్‌తో పాటు వచ్చే మెయిల్ జరిపే ప్రోగ్రాం ఒకటి ఆ ల్యాబ్‌లో రూట్ అధికారాలతో నడిచేది. యూనిక్స్ ప్రతి 5 నిమిషాలకీ దానంతట అదే నడిపే ఇంకో చిన్న సిస్టం ప్రోగ్రాం ఉండేది. వాడు మొదటిదాన్ని వాడి, రెండోదాని స్థానంలో తన సొంత ప్రోగ్రాం పెట్టాడు. సిస్టం అది తనదే అనుకుని నడిపింది. వాడు సూపర్ యూజర్ అయిపోయాడు. కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టినట్టన్నమాట. కాకి తన పిల్లే అనుకుని పొదుగుతుంది. స్టోల్ 1989లో రాసిన పుస్తకం పేరు 'ది కుకూస్ ఎగ్', అదే అర్థం.

అకౌంటు మూసేసి పాస్‌వర్డులు మార్చేస్తే అక్కడితో అయిపోను. మనలో చాలామందిమి అదే చేస్తాం, టికెట్ క్లోజ్ చేసి ఇంటికెళ్ళిపోతాం. స్టోల్ అలా చెయ్యలేదు. ఒక శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, వాళ్ళ బల్లల మీదున్న ప్రింటర్లు, టెర్మినళ్ళు అడక్కుండానే తెచ్చి, బయటి నుంచి వచ్చే 50 లైన్లకీ తగిలించి, అక్కడే నేలమీద పడుకున్నాడు. తెల్లారేసరికి ఒక ప్రింటరు అడుగుల కొద్దీ కాగితం కక్కింది. దొంగ కొట్టిన ప్రతి అక్షరం అందులో ఉంది. కంప్యూటర్ లోపల కాకుండా లైను మీద కాపు కాశాడు కాబట్టి, ఎవరైనా చూస్తున్నారా అని దొంగ పదే పదే వెతికినా ఏమీ కనపడలేదు.

ఆ ల్యాబ్‌లోనే ఉన్న నోబెల్ గ్రహీత లూయీ అల్వారెజ్, నువ్వు పోలీసువి కావు, దీన్ని పరిశోధనలా చూడమని సలహా ఇచ్చాడు. ఇక స్టోల్ ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఎవరితో ఏం మాట్లాడాడు, దొంగ ఎన్నింటికి వచ్చాడు, ఎంతసేపు ఉన్నాడు, అన్నీ అందులో రాసేవాడు. మా నాన్న డైరీ లాంటిదే!

దొంగ ల్యాబ్ నుంచి మిలిటరీ నెట్‌వర్క్‌లోకి దూకి, అలబామాలోని ఆర్మీ డిపో లాంటి చోట్లకి వెళ్ళి ఎస్.డి.ఐ., న్యూక్లియర్ లాంటి మాటల కోసం వెతికేవాడు. మొత్తం 450 దాకా కంప్యూటర్ల తలుపు తడితే 30కి పైగా తెరుచుకున్నాయి. ఎలా అనుకున్నారు? గెస్ట్ అకౌంటు, కంపెనీవాడు మిషనుతో పాటు ఇచ్చిన పాస్‌వర్డు మార్చకుండా అలాగే ఉంచడం, ఈమెయిల్లో పాస్‌వర్డు రాసి పంపుకోవడం. దేశ రక్షణ కంప్యూటర్లండీ అవి! మరీ ముఖ్యమైన ఫైలు ఏదైనా చదవబోతుంటే స్టోల్ తన తాళాల గుత్తిని లైను కనెక్టరు మీద ఆడించేవాడట. దొంగకి అది లైన్లో గరగరలా అనిపించి విసుక్కుని పోయేవాడు. :)

అసలు విషాదం ఇప్పుడొస్తుంది. స్టోల్ ఎఫ్.బి.ఐ.కి ఫోన్ చేశాడు. 75 సెంట్ల కేసా అని తీసిపారేశారు. సి.ఐ.ఎ., ఎన్.ఎస్.ఎ., వాయుసేన, అందరూ శ్రద్ధగా విన్నారు, నోట్సు రాసుకున్నారు, ఇది మా పరిధిలోకి రాదు అన్నారు. నష్టం చిన్నదైతే కేసు కూడా చిన్నదే అని అందరి లెక్క. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

లైన్ వెంట వెతుక్కుంటూ పోతే దారి చివరికి పశ్చిమ జర్మనీ చేరింది. అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు పాతకాలంవి, మనిషి వెళ్ళి తీగ పట్టుకుని చూడాలి. దొంగ గంటసేపైనా లైన్లో ఉండాలి, వాడేమో నిమిషాల్లో పోతాడు. స్టోల్ స్నేహితురాలు మార్తా ఒక ఉపాయం చెప్పింది. వాడికి స్టార్ వార్స్ క్షిపణి ప్రాజెక్టు అంటే మోజు కదా, అలాంటివే దొంగ ఫైళ్ళు బోలెడు తయారు చేసి పెట్టమంది. లేని ప్రాజెక్టు, లేని సెక్రటరీ, పేజీల కొద్దీ ఉత్త సోది. దొంగ ఆబగా కూర్చుని చదివాడు, జర్మనీలో లైను దొరికిపోయింది. ఇవాళ మనం హనీపాట్ అంటున్న పద్ధతికి బాగా పేరొచ్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మరిన్ని పత్రాలు కావాలంటే ఉత్తరం రాయమని ఆ ఫైళ్ళలో పెడితే, కొన్ని నెలలకి పిట్స్‌బర్గ్ నుంచి నిజంగానే ఒక ఉత్తరం వచ్చింది! అంటే దొంగ చదివింది ఇంకెవరికో చేరుతోంది.

1987 జూన్‌లో హానోవర్‌లో మార్కుస్ హెస్ ఇంటి మీద పోలీసులు దాడి చేశారు. అతనూ అతని స్నేహితులూ దొరికిన సమాచారాన్ని కె.జి.బి.కి అమ్ముతున్నారని 1989లో బయటపడింది. 1990లో శిక్షలు పడ్డాయి గానీ జైలుకి వెళ్ళక్కర్లేకుండా సస్పెండ్ చేశారు. 75 సెంట్ల వెనకాల అంత ఉంది మరి.

నాకు ఈయన దొంగని పట్టుకోవడం కన్నా ఆ తర్వాత చేసిన పని గొప్పగా అనిపిస్తుంది. ఊరూరా తిరిగి చెప్పాడు. 1988లో ఒక పేపరు, 1989లో పుస్తకం, 1990లో టీవీ డాక్యుమెంటరీ. ఆ డాక్యుమెంటరీలో తన పాత్ర తనే వేశాడు. మధ్యలో 1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ వచ్చి వేల కంప్యూటర్లని మూలన కూర్చోబెట్టింది. అప్పుడు గానీ అమెరికా ప్రభుత్వం కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సెర్ట్ పెట్టలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే అనుకోండి. మన సెర్ట్-ఇన్ వచ్చింది 2004లో.

స్టోల్ చెప్పే పద్ధతిలో ఒక గుణం ఉంది. తనకేం తెలియదో ముందు ఒప్పుకుంటాడు, ఎక్కడ బోల్తా పడ్డాడో నవ్వుతూ చెప్తాడు. 1995లో ఇంటర్నెట్‌లో వ్యాపారం, పుస్తకాలు కొనడం ఇవన్నీ అయ్యే పని కాదని న్యూస్‌వీక్‌లో రాసి ఘోరంగా తప్పాడు. తర్వాత 2010లో తను తప్పానని తనే ఒప్పుకున్నాడు. స్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెప్పాడు, గాజుతో క్లైన్ బాటిళ్ళు చేయించి అమ్ముకున్నాడు. అలాంటి మనిషి చెప్తే జనం వింటారు.

మన దగ్గర జరిగే అవగాహన చూడండి. ఆఫీసులో ఏడాదికోసారి సెక్యూరిటీ ట్రైనింగ్, నేను నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కి సర్టిఫికెట్ తెచ్చుకుంటా. 2024లో డిజిటల్ అరెస్టుల గురించి ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరికి ఫోన్ చేసినా ముందు హెచ్చరిక వినాల్సి వచ్చేది. అందరం విసుక్కున్నాం. ఓటీపీ చెప్పకండి, లింకు నొక్కకండి అని చిలక్కి చెప్పినట్టు చెప్తారు, చిలకలాగే వింటాం. మా నాన్న ఎవరికీ ఓటీపీ చెప్పలేదు కూడా! రూలు ఆయనకి తెలుసు, పాటించారు, అయినా పోయాయి.

డబ్బులు పోయిన సంగతి ఆయన మాకు రెండు రోజులు చెప్పలేదు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తండ్రి మోసపోయాడంటే నలుగురూ నవ్వుతారని. 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు చేతులు మారిపోయింది. అదే మొదటి గంటలో చేసుంటే కొంతైనా ఆగేదేమో. ఆ రెండు రోజుల మౌనానికి కారణం ఆయన అమాయకత్వం కాదు, "ఇంత చిన్నదానికి" అని నేను విసుక్కున్న ఆ ఫోన్ కాల్. ఇక పెద్దదాన్ని ఏ ముఖంతో చెప్తారు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు స్టోల్ కథ మొత్తం నాన్నకి చెప్పా. తాళాల గుత్తి దగ్గర పకపకా నవ్వారు. అంతా విని, "ఆ 75 సెంట్లు అప్పట్లో మన డబ్బుల్లో ఎంతరా?" అన్నారు. 1986లో డాలరు పన్నెండున్నర రూపాయల చిల్లర, అంటే తొమ్మిది రూపాయల పైన అన్నాను.

"నాది ఇంకా చిన్న తేడా. రెండు రూపాయలే. అయినా నేను పట్టుకున్నా" అన్నారు నాన్న, డైరీ తెరుస్తూ.

ఈసారి నేనేం నవ్వలేదు. ఇప్పుడు నెలకోసారి ఇద్దరం కూర్చుని ఆ డైరీ చూస్తున్నాం.