పాత భాష, పరదేశపు బ్రతుకు

మన రాయచూరు సీమ 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. అందుచేత చంద్రబండ వంటి సరిహద్దు గ్రామాలవారికి ఇంటి తెలుగు ఒకటి, సంతలోని కన్నడము ఒకటి, పైన కచేరీ ఉర్దూ ఒకటి. ఉర్దూ కచేరీనుండి ఏనాడో తొలగినది. అయినను భూమి తగవు వచ్చి నిజాము కాలపు కాగితము బయటపడినదా, ఉర్దూ చదువగల పెద్దమనిషి కొరకు నేటికిని వెదకవలసినదే. ఇది ఎరిగిన మనకు కోబాల్ కథ వింత కాదు.

కంప్యూటరుకు పని చెప్పుటకు కల్పించిన భాషలలో ఇదొకటి. 1959లో అమెరికా రక్షణశాఖ పూనికతో ఒక సంఘము ఏర్పడి, మరుసటి సంవత్సరము దీని నియమాలను వెలువరించినది. వర్తకపు లెక్కలను ఇంగ్లీషు మాటలలోనే యంత్రానికి చెప్పవచ్చునని గ్రేస్ హాపర్ అను విదుషీమణి అంతకుముందే ఫ్లో-మాటిక్ అను భాషతో చూపియుండెను. దశాంశపు లెక్క పైసా పోకుండ తేల్చుటచే బ్యాంకులు, బీమా కంపెనీలు కోబాల్‌ను చేరదీసినవి. ఆ ఖాతాలు దానిలోనే పెరిగినవి.

ఆ రోజులలో యంత్రములోని చోటు మహా ఖరీదు. చోటు మిగులునని సంవత్సరమును రెండంకెలతో వ్రాసిరి. 2000 వచ్చుసరికి యంత్రము దానిని 1900 అనుకొను ప్రమాదము ఏర్పడినది. ఎవరి పొదుపో మనకు అన్నము పెట్టినది! 1998లో అమెరికా తన హెచ్-1బి వీసాలను ఏటికి 65,000 నుండి 1,15,000కు పెంచినది. మావారు రాయచూరులో బస్సెక్కి హైదరాబాదు అమీర్‌పేటలో దిగిరి. పొలము తాకట్టు పెట్టి ఫీజు కట్టినవారు కలరు. ఒక శిక్షణాలయమువారు (పేరెందుకు లెండి) కంప్యూటరు ముట్టనీయక, నల్లబల్లమీదనే భాషంతయు ముగించిరి.

2000 జనవరి 1వ తేదీ పెద్ద ప్రమాదమేమియు లేక గడచినది. పని తీరినది. మరుసటి ఏడు మాంద్యములో మాలో అనేకుల ఉద్యోగాలు పోయినవి. తాకట్టు మాత్రము తీరలేదు. కోబాల్ చచ్చిన భాష యనిరి. మేమును సిగ్గుపడి దరఖాస్తులనుండి దాని పేరు కొట్టివేసి, జావా నేర్చితిమి.

2020 ఏప్రిలులో, కరోనా నాళ్ళలో, నిరుద్యోగ భృతి కొరకు దరఖాస్తులు వెల్లువెత్తగా న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోబాల్ వచ్చినవారు సాయపడవలెనని బహిరంగముగా కోరిరి. ఆ రాత్రి మా ఇండ్లలో పాత పెట్టెలు తెరువబడినవి. నోటుపుస్తకాల దుమ్ము దులుపుచుండగా పిల్లలు వచ్చి, “నాన్నా, ఇది మీకు వచ్చునా? ఇన్నాళ్ళు చెప్పలేదేమి?” అని అడిగిరి.