గోదావరి మగ్గాల నుండి గోలకొండకు: డచ్చివారి రచనలలో కుతుబ్‌షాహీ రాజధాని

పదిహేడవ శతాబ్దంలో గోలకొండ, హైదరాబాదు నగరాలను చూసిన ఐరోపావాసులు అనగానే మనకు ముందుగా స్ఫురించేది తావెర్నియే, తెవెనో. ఇద్దరూ ఫ్రెంచివారు. మూసీ మీది వంతెన, తోటలు, చార్‌మినారు వారి రచనలలో బాటసారి కంటికి కనిపించినట్లే కనిపిస్తాయి. మన పూర్వులు ఒలందావారని పిలిచిన డచ్చివారు ఆ నగరాన్ని మరొక దారిన చేరుకున్నారు. ఆ దారి మచిలీపట్నం రేవులోను, గోదావరి పాయల నడుమ పాలకొల్లు, ద్రాక్షారామం మగ్గాల దగ్గరను మొదలవుతుంది. వారి రాతలలోని రాజధానిని ఈ దారితో కలిపి చదవకపోతే సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

1602లో ఏర్పడిన డచ్చి కంపెనీకి 1606 నాటికి మచిలీపట్నం, నిజాంపట్నాలలో వర్తకస్థానాలు అమరాయి. నాలుగు శాతం సుంకంతో వ్యాపారం చేసుకోవడానికి గోలకొండ సుల్తాను అనుమతి లభించింది. కాగితం మీద వ్యవహారం అక్కడితో ముగిసినట్లే. తీరంలో మాత్రం అప్పుడే మొదలైంది. రేవులు, పరగణాల అధికారం ఎక్కువ గుత్త చెల్లించేవారికి ఏటా దక్కేది. గుత్తదారు ఆ సొమ్మును రైతు నుండి, సాలెవాని నుండి, వర్తకుని నుండి రాబట్టుకొనేవాడు. మచిలీపట్నంలో పనిచేసిన ఆంటొనీ షోరర్ నివేదికను, డచ్చి భాషలోని మరొక అజ్ఞాతకర్తృక నివేదికను, ఆంగ్లేయుడు మెత్‌వోల్డ్ రచనతో కలిపి మోర్లాండ్ 1931లో ప్రకటించాడు. ఈ తొలి నివేదికలు చదివేవారికి రాజధాని ఒక దృశ్యంగా కంటె, తీరంలోని అధికారికి బలమిచ్చే చోటుగా, ఆ అధికారి మీద మొరపెట్టుకోవలసిన చోటుగా తోస్తుంది. కానుకలు పట్టుకొని వెళ్ళేవానికి నగరం అందం రెండవ సంగతి.

ఇక్కడ ఊరిపేర్ల గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. డచ్చి పత్రాలలో పాలకొల్లు ‘పాలికోల్’, నాగులవంచ ‘నాగెల్‌వాన్జె’, ద్రాక్షారామం ‘దాచెరోన్’. ఈ చివరి రూపం శాసనాలలోని దాక్షారామానికి కంటె గోదావరి జనం నోట నేటికీ వినిపించే ‘దాక్షారం’ అన్న పలుకుబడికి దగ్గరగా ఉంది. గుమాస్తా దీనిని గ్రంథం చూసి రాయలేదు, చెవితో విని రాశాడని ఊహించవచ్చు. ‘గోల్కొండ’ విషయం వేరు. ఆ పేరు ఐరోపాలో వజ్రాలతో పాటు అప్పటికే స్థిరపడి ఉన్నది. డెల్టా వారికి విన్న ఊరు, రాజధాని వారికి విని ఉన్న ఊరు.

ఈ రెంటినీ ఒకే పుస్తకంలోకి తెచ్చినవాడు డేనియల్ హావర్ట్. 1670లు, 80లలో ఈ తీరంలో కంపెనీ కొలువు చేసినవాడు, పారసీకం నేర్చి సాదీ ‘బూస్తాన్’ను 1688లో డచ్చిలోకి అనువదించినవాడు. ‘కోరమాండల్ ఉత్థాన పతనాలు’ అని అర్థం వచ్చే అతని గ్రంథం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. దాని నిర్మాణమే గమనింపదగినది. రాజవంశాల వరుసలో కాక, కంపెనీ స్థానాల వరుసలో అది నడుస్తుంది. గోలకొండ కూడా ఆ స్థానాలలో ఒకటి. పాలకొల్లుకు ఒక తావు, ద్రాక్షారామానికి ఒక తావు, సుల్తాను కొలువున్న నగరానికి ఒక తావు! ఈ అమరికలో దర్పం ఉన్నదనే అనిపిస్తుంది. అయితే మన గోదావరి పల్లెలకు రాజధాని సరసన చోటు దొరికింది కూడా దానివల్లనే.

అక్కన్న మాదన్నల చరిత్రకు హావర్ట్‌ను మన పరిశోధకులు తరచుగా ఆధారం చేసుకుంటారు. అందులో తప్పులేదు గాని జాగ్రత్త అవసరం. బకాయిలు, రాయితీల తగవులో డచ్చి కంపెనీ 1686లో మచిలీపట్నాన్ని ఆక్రమించింది. ఆ సంవత్సరమే మార్చిలో మాదన్న సోదరులు హత్యకు గురయ్యారు. 1687 సెప్టెంబరులో కోట ఔరంగజేబు వశమయింది. హావర్ట్ పుస్తకం ఇవన్నీ జరిగిన తరువాత, పతనాన్ని పేరులోనే చేర్చుకొని వచ్చింది. తగవుపడిన కంపెనీలో కొలువు చేసినవాడు, ప్రతిపక్షపు మంత్రి గుణగణాలను ముగింపు తెలిసిన తరువాత తూచాడన్నమాట. అతడు చెప్పిన సంఘటనలను ఎంత తీసుకున్నా, మాదన్న స్వభావం గురించిన తీర్పులను మాత్రం కంపెనీ నాటి ఉత్తరాలతో సరిచూడాలి. గైస్ క్రౌట్జర్ 2002లో ప్రకటించిన వ్యాసం డచ్చి పత్రాల ఆధారంగా ఈ సోదరుల వ్యక్తిత్వాన్ని పునఃపరిశీలించింది. తెలుగులో ఆ చర్చ ఇంకా జరగవలసినంత జరగలేదు.

చిత్రాల సంగతి మరింత విచిత్రం. ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడైన నికొలాస్ విట్సెన్ సేకరించిన చిత్రసంపుటి నేడు అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉన్నది. 1686కు పూర్వం గోలకొండలో తయారైన 49 రూపచిత్రాలు అందులో ఉన్నాయి. మొగలు, దక్కను ప్రభువులు, ప్రముఖులు అందులోని వ్యక్తులు. పేర్లు మాత్రం డచ్చి లిపిలో. అంటే గోలకొండను చిత్రాలలో చూడగోరిన డచ్చివారి చేతికి వచ్చినవి స్థానిక చిత్రకారులు పరదేశి కొనుగోలుదారు కోసం గీసినవే. ఏ ముఖం అమ్ముడుపోతుందో ఆ చిత్రకారులకు తెలుసు. కనుక సంపుటిలో కోటగోడ లేదు, మూసీ లేదు, బజారు లేదు. ఆ చిత్రాలను కొనే డబ్బు ఏ బట్టల బేరం నుండి వచ్చిందో, ఆ బట్ట నేసిన పాలకొల్లు సాలెవాడూ లేడు. అతని జాడ కోసం మళ్ళీ కంపెనీ లెక్కపుస్తకాలలోని ‘పాలికోల్’ పద్దులే తిరగవేయాలి.